నత్త తలుపు తీసేదాకా

రండి, రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ గోడకి ఆనుకున్నోళ్ళు గుసగుసలు కట్టిపెట్టండి, ఫోన్లు బోర్లా పెట్టండి, దగ్గొచ్చేవాళ్ళుంటే ఇప్పుడే దగ్గేసుకోండి. మధ్యలో ఎవరన్నా దగ్గితే మళ్ళీ మొదట్నించీ చెప్తా, ఆపైన మీ ఖర్మ. ఒక్క గంటలో అయిపోయిన సంగతి ఇది. ఆ గంటంతా ఒక మనిషి ఒక బేసిన్ ముందు కూర్చుని కోపంతో ఉడికిపోయాడు. ఎంత ఉడికాడంటే బేసిన్‌లో నీళ్ళు వెచ్చబడ్డాయని పక్కనే ఉన్న పెద్దాయన చెప్పాడు. ఆయన అబద్ధమాడే రకం కాదు. అబద్ధమాడాలంటే ఏం చెప్పామో గుర్తుండాలి కదా, ఆయనకి తన సూట్‌కేసు నంబరే గుర్తుండదు.

గోడ గడియారం మూడు చూపిస్తోంది. తాళాలు బాగుచేసే ఆయన, వీధంతా తాళాలాయనే అంటారు, మనమూ అలాగే అందాం, మూడు కాళ్ళ స్టూలు మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు ముడుచుకుని కూర్చున్నాడు. ముందు తెల్ల ప్లాస్టిక్ బేసిన్. అందులో మంచినీళ్ళు. నీళ్ళలో ఒక నత్త, పెద్ద నిమ్మకాయంత ఉంటుంది, మాగిన అరటిపండు రంగు గుల్ల, ఆ గుల్లకి గోధుమరంగు తలుపు. ఈ రకం నత్తకి తలుపుంటుందండీ, లోపలికి పోయి వేసేసుకుంటుంది. ఇది నిన్న పొద్దున వేసుకుంది, ఇంతవరకూ తియ్యలేదు. చేపల కొట్టువాడు ఫోన్లో చెప్పాడు, తెల్ల బేసిన్‌లో పెట్టి గంటసేపు కదపకుండా చూడు మావా, బతికుంటే తలుపు తీస్తుంది, పోయిందనుకో, వాసనే చెప్తుంది అని. గంట. నాలుగింటికి ఇంటావిడ వస్తుంది. కాలర్లు కుట్టే చోట ఆవిడ పని, నాలుగింటికి మిషను ఆపితే నాలుగూ ఐదుకి గుమ్మంలో ఉంటుంది, ఆవిడ్ని చూసి వీధిలో వాచీలు సరిచేసుకుంటారు. ఇటు గడియారం, అటు నత్త. రెండిట్లో ఏది ముందు కదుల్తుందా అని చూస్తుంటే తాళాలాయనకి అరికాలి మంట నెత్తికెక్కుతోంది, లోపల్లోపలే నత్తతో తగువేసుకున్నాడు.

తియ్యవే, నిన్నే, ఎన్ని తలుపులు చూశాను నేను, నా ముందు నీదొక తలుపా, తాతల నాటి ఇనప్పెట్టె నన్ను చూడగానే ఆవులించినట్టు తెరుచుకునేది, లోపల గడియ పడిపోయిన బాత్రూంలోంచి ఒక హెడ్మాస్టర్ని తల దువ్వుకునే దువ్వెనతో బయటికి తీశాను, ఆయన నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టబోయి ఒంటి మీద తువ్వాలు గుర్తొచ్చి ఒక చేత్తోనే పెట్టాడు, అలాంటి నన్ను ఈ బొటనవేలి గోరంత తలుపు ముందు కూర్చోబెట్టావు కదే. కన్నం లేదు, గొళ్ళెం లేదు, బందులు లేవు, సన్న చువ్వ దూర్చడానికి సందు లేదు, దూర్చినా లోపలున్నది స్ప్రింగు కాదు, ప్రాణం. ఎంత మొండి తాళమైనా చెవి ఆనిస్తే లోపలినించి టిక్కుమని ఒక్క ముక్క చెప్తుంది, ఇది చెప్పదు, ఇంటావిడ కూడా చెప్పదు, పొద్దున చెప్పకుండానే వెళ్ళిపోయింది, టీ గ్లాసు అలాగే ఉంది, అదిగో వీధి కిటికీ దగ్గర, మీగడ కట్టి, దాంట్లో ఒక చీమ కూడా పడి ఉంది, చీమక్కూడా నామీద కోపమేమో. టప్. ఏంటా చప్పుడు, నత్తేనా, కాదు, బెంచీ మీద పెద్దాయన వేరుశనక్కాయ ఒలుస్తున్నాడు. రెండున్నరకి వచ్చాడు సూట్‌కేసు పట్టుకుని, నంబరు తాళం, నంబరు మర్చిపోయాడట, నిన్నట్నించీ మూత రావట్లేదట, ఒక్క నిమిషం కూర్చోండి అన్నాను, ఆ నిమిషానికి ఈపాటికి మీసాలొచ్చి ఉంటాయి. టప్. ఒలవడమేమిటి అంత గట్టిగా, ఇక్కడొక ప్రాణం ఊగిసలాడుతుంటే.

పొద్దున ఏమన్నాను. ఏమన్నాను, ఉన్నదేగా అన్నాను. పదకొండు నత్తలు. పదకొండూ ఆవిడ పెంచినవే. పన్నెండు రోజుల్లో పది పోయాయి. మొదటిది పోయినప్పుడు ముసలిదై పోయిందిలే అనుకున్నాం, దానికి మూడు నెలలే. నాలుగోది పోయినప్పుడు ఆవిడ కార్ఖానాకి ఆలస్యంగా వెళ్ళింది, ఆవిడ బతుకులో అదే మొదటిసారి, వీధిలో ముగ్గురికి బస్సు తప్పిపోయింది వాచీలు తప్పుగా పెట్టుకుని. ఏడు, ఎనిమిది, తొమ్మిది, ఒక్కొక్కదాన్నీ గుడ్డముక్కలో చుట్టి, కుట్టగా మిగిలిన కాలరు గుడ్డే, పూలకుండీలో పాతిపెట్టింది, ఆ కుండీలో మొక్క కూడా సిగ్గుతో వంగిపోయింది. నిన్న పదోది. పొద్దున పదకొండోదాని తలుపు దగ్గర వేలు పెట్టి, పెద్దమ్మా, తియ్యమ్మా అంటోంది, దాని పేరు పెద్దమ్మ, అదే అన్నిట్లోకీ పెద్దది. తియ్యలేదు. నాకేసి తిరిగి, నువ్వు తొట్టిలో ఏం చేశావయ్యా అంది. ఏం చేశావయ్యా. నన్నా అనేది. అప్పుడన్నాను. నీ కీరా ముక్కలే చంపాయి వాటిని, రోజూ తెచ్చి పడేస్తావు, నీళ్ళలో కుళ్ళిపోయి విషమైపోతాయి, నీ చేత్తో నువ్వే పెట్టి చంపుకున్నావు, ఇప్పుడు ఎవరి మీదో పడి ఏడిస్తే ఏం లాభం. చివర్న ఉన్న మాట అనకుండా ఉండాల్సింది. చివర్నదే కాదు, మొదటిది కూడా. ఆవిడ చెయ్యి ఆ కీరా ముక్కని అలాగే పట్టుకుని ఉండిపోయింది, నీళ్ళు కారుతూ. తర్వాత దాన్ని చెత్తబుట్టలో వేసి, చెప్పులు వేసుకుని, గుమ్మంలో ఆగి అంది, ఇది కూడా పోతే ఆ తొట్టి ఈ ఇంట్లో ఉండకూడదు, నా చేత్తో పెట్టి చంపాను కదా, నా కంటికి ఇంకేదీ బతికున్నది చూపించకు. అరవలేదు. అరిస్తే బాగుండేది. అరిస్తే నేనూ అరిచేవాణ్ణి, ఇద్దరం అరుచుకుంటే సగం సగం పంచుకున్నట్టుండేది, ఇప్పుడు మొత్తం నా దగ్గరే ఉండిపోయింది.

అసలు ఈ తొట్టి నాది కదా. చేపలు నావి. షాపుకీ ఇంటికీ మధ్య గోడలో కిటికీ ఉండేది, ఆ కిటికీ తీయించి అక్కడే పెట్టించాను, ఇటునించి తాళాలకొచ్చినోళ్ళు చూస్తారు, అటునించి ఇంట్లోవాళ్ళు చూస్తారు, మధ్యలో చేపలు రెండు వైపులా మనల్ని చూసి నవ్వుకుంటాయి. ముందు గప్పీ చేపలు తెచ్చాను, ఆరు. వారం తిరక్కుండా ఒకటి ఈనింది, పిల్లల్ని లెక్కపెట్టడం మొదలెట్టాను, లెక్క పూర్తయ్యేసరికి మనవలు పుట్టేశారు, మళ్ళీ మొదట్నించీ. తర్వాత దొర వచ్చాడు, పళ్ళెంలా బల్లపరుపుగా, వెండిరంగు మీద నల్లచారలు, తొట్టిలో మధ్యలో నిలబడి ఎవరొచ్చినా గడ్డమెత్తి చూస్తాడు, పోలీసాయన తాళానికొస్తే ఆయనే ముందు చూపు దించుకున్నాడు. ఇంటావిడకి మాత్రం కంటగింపు. మురుగ్గుంటని తెచ్చి నట్టింట్లో పెట్టుకున్నాడు అనేది. నాచు వాసన అనేది, మోటారు చప్పుడుకి నిద్ర పట్టట్లేదు అనేది, అంటూనే గురక పెట్టేది. అప్పుడు ఒకసారి మొక్క తెచ్చాను, నీళ్ళలో పెరిగేది, దాని ఆకు కింద కందిగింజంత గుల్ల ఒకటి ఇంటిదాకా వచ్చింది, టిక్కెట్టు లేకుండా. తీసి పారేద్దామనుకున్నాను. ఆవిడ, ఉండు, దానికి కొమ్ములొచ్చాయి చూడు అంది. అంతే. పదేళ్ళు నా తొట్టివైపు తల తిప్పని మనిషి కుర్చీ లాక్కుని కూర్చుంది. అది గాజు మీద పాక్కుంటూ పైదాకా వెళ్ళి, పైనించి కాళ్ళూ చేతులూ లేనట్టే వదిలేసి కిందకి దూకేది, దూకితే ఎంతసేపంటే, టీ కాచుకుని వడగట్టుకుని వచ్చి కూర్చున్నా ఇంకా దిగుతూనే ఉండేది. ఆవిడ నవ్వేది. గొంతు వదిలేసి నవ్వడం. నేనా నవ్వు విని ఎన్నేళ్ళయిందో, అటు షాపులో ఆకురాయి ఆపేసి కూర్చుని విన్నాను. ఆ నవ్వు కోసమే రెండోది తెచ్చాను, అదే ఈ పెద్దమ్మ, చేపల కొట్లో అంతకన్నా పెద్దది లేదు. నీళ్ళపైన, తొట్టి మూత లోపలి పక్కన గులాబీరంగు గుడ్లు పెట్టింది, ద్రాక్షగుత్తిలా. ఆవిడ ఇస్త్రీకి నీళ్ళు చల్లే సీసా తెచ్చి పొద్దునా సాయంత్రం వాటి మీద తడి ఆరకుండా చల్లేది. మూడో వారం, ఏమయ్యా, రా అని పిలిచింది, గాజు మీద ఆవగింజలు నడుస్తున్నాయి. ఆవగింజలు నడుస్తుంటే ఎవరు చూశారు. మేం చూశాం.

ఆ రోజే తాళం వేశాను తొట్టిలో. కాదు, ఆ రోజు కాదు, ఆవగింజలు పెరిగి చింతగింజలయ్యాక, ఇంటావిడ పుట్టినరోజుకి. ఇవి ఎక్కి కూర్చోడానికి ఏదన్నా ఉంటే బాగుండు అంది, చేపల కొట్లో ఉన్న ప్లాస్టిక్ కోట చూస్తే కడుపులో తిప్పుతుంది అంది. మా నాన్న తాళం తీశాను. అరచెయ్యంత ఇత్తడి తాళం, మా నాన్న చేత్తో చేసింది, మూడు తాళంచెవులు ఒకదాని తర్వాత ఒకటి సరైన వరసలో తిప్పితే తప్ప తెరుచుకోదు, దాన్ని తెరుస్తానని వచ్చి ముగ్గురు మొనగాళ్ళు ఈ వృత్తే మానేశారు, అందులో ఒకడు కొబ్బరికాయల కొట్టు పెట్టుకున్నాడు. బంగారంలా మెరిసేదాకా రుద్దాను. తొట్టి మధ్యలో పెట్టాను. మావయ్యగారు చూస్తే మురిసిపోయేవారు అంది ఆవిడ, కొంగుతో కళ్ళు కూడా ఒత్తుకుంది. పెద్దమ్మ ఆ పూటే ఎక్కింది దాని మీద. దాని వెనకాలే పిల్లలు. రాత్రీ పగలూ దాని మీదే. మెరుపు తగ్గి కాస్త మసకబారింది కానీ అవి నాకిన చోటల్లా మళ్ళీ తళతళలాడే చారలు, వచ్చినోళ్ళందరికీ చూపించాను, చూడండి, మా నాన్న తాళానికి పదకొండు మంది పనివాళ్ళు పాలిష్ పడుతున్నారని.

మూడుంపావు. తలుపు కదల్లేదు. బావమరిది. వాడే అయ్యుంటాడు. ఇంటావిడ తమ్ముడు, రెండేళ్ళ కిందట, బావా, నువ్వూరెళ్ళావు కదా అని తొట్టి శుభ్రం చేసి పెట్టాను అన్నాడు, గులకరాళ్ళని బట్టల సబ్బుపొడితో కడిగాడు, మోటారు వెయ్యగానే నురగ లేచింది, షాపు దాటి వీధిలోకొచ్చింది, అటుగా వెళ్తున్న రెండు స్కూటర్లు కడిగించుకుని వెళ్ళాయి. ఆ సబ్బు ఏ రాయి సందులోనో దాక్కుని రెండేళ్ళ తర్వాత నత్తల్ని చంపిందంటే. రెండేళ్ళా. సరే, వాడు కాదు, కానీ వాడి మీద కోపం అలాగే ఉంచుతాను, దేనికైనా పనికొస్తుంది. కరెంటు. ఆ మధ్య కరెంటు పోతే గాలి మోటారు ఆగిపోయింది, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి, సైకిలు పంపు తెచ్చి గొట్టం పెట్టి కొట్టాను, మూడు గంటలు, తాళానికొచ్చిన ప్రతివాడి చేతా వంద కొట్టించాను, ఒకాయనకి కండలు తిరిగి చొక్కా మార్చుకోవాల్సొచ్చింది, ఒక్క చేప కూడా పోలేదు ఆ రోజు. అప్పుడు బతికించిన చెయ్యి ఇప్పుడెందుకు చచ్చుబడిపోయింది. దొర. దొర కొమ్ములు కొరుకుతున్నాడని అనుమానమొచ్చింది, నాలుగోది పోయాక వాణ్ణి పట్టుకుని గాజుజాడీలో వేశాను, జైలు. జాడీలోంచి నన్ను ఎలా చూశాడంటే, ఆ చూపుకి నేనే పోయి రెండుసార్లు నీళ్ళు మార్చాను. వాడు లోపలుండగానే ఇంకో మూడు పోయాయి. వదిలేశాను, మాఫీ అడగలేదు, ఇప్పటికీ నాకేసి పక్కకి తిరిగే ఉంటాడు. కుళాయి నీళ్ళు. నీళ్ళ ఆఫీసులో ఎవడో కొత్తవాడొచ్చి మందు గుప్పెళ్ళతో కలుపుతున్నాడేమో, కానీ ఇంటావిడ నీళ్ళు బక్కెట్లో రెండ్రోజులు నిలవుంచిగానీ పొయ్యనివ్వదు. చేపల కొట్టువాడు. వాడే. రోగమున్న నత్త అంటగట్టాడు. పొద్దున ఫోన్ చేసి ఆ మాటే అడిగాను, అడగడమేంటి, కడిగేశాను, వాడు బేసిన్ సంగతి చెప్పి, మావా, ముందు నాకో ముక్క చెప్పు, తొట్టిలో కొత్తగా ఏమన్నా, అంటున్నాడు, నాకు తిక్కరేగింది, నన్నే అడుగుతావా అని పెట్టేశాను. అందరూ నన్నే అడుగుతారు. ఇంటావిడ నన్నే, వాడు నన్నే, ఈ గడియారం కూడా నన్నే చూస్తోంది.

"బాబూ," అన్నాడు బెంచీ మీద పెద్దాయన.

"చెప్పండి."

"నాకేం తొందర్లేదు. ఊరికే అడుగుతున్నా. ఆ గోళీకాయకేమయింది?"

"గోళీకాయ కాదు, నత్త."

"ఓహో. తాళం పడిపోయిందా?"

తాళాలాయన పళ్ళు నూరాడు. ఆ చప్పుడికి వీధిలో కుక్క లేచి వెళ్ళిపోయింది. కానీ మూడున్నర దాటింది, ఇంకెంత చూసినా వాసన చూడక తప్పదు. నత్త పోతే వచ్చే వాసన మామూలుది కాదు, తొమ్మిదోది పోయినప్పుడు పక్కింటివాళ్ళు తమ ఇంట్లోనే ఏదో పోయిందని రోజంతా మంచాల కింద వెతుక్కున్నారు. పెద్దమ్మని అరచేతిలోకి తీసుకున్నాడు. చల్లగా, బరువుగా. బరువుంటే మంచిదే, పోయినవి తేలిగ్గా అయిపోతాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏం తెలీలేదు. మళ్ళీ పీల్చాడు. ముప్ఫై ఏళ్ళు తాళంచెవులు ఆకురాయితో రాకిన పొడి పీల్చిన ముక్కు, దాన్నిండా లోహం పొట్టే, దానికి తాళం తప్ప ఇంకేం తెలుస్తుంది. నత్త కంపు కొడుతోందా లేదా అన్నది కూడా నా ముక్కు నాకు చెప్పదు, ఇంతకన్నా దిక్కుమాలిన బతుకుంటుందా.

"పెద్దాయనా, ఇలా రండి. ఇది కంపు కొడుతోందేమో చూడండి."

ఆయన వేరుశనక్కాయలు జేబులో పోసుకుని, చేతులు దులుపుకుని వచ్చాడు, పెళ్ళివారింట్లో అత్తరు చూసినట్టు కళ్ళు మూసుకుని నెమ్మదిగా పీల్చాడు.

"కంపేం లేదు. మీ షాపు వాసనే వస్తోంది."

"అంటే?"

"అదే బాబూ, లోపలికి రాగానే తగిలిందే. ఇత్తడి వాసన. చిల్లర పట్టుకున్న చెయ్యి వాసన చూసుకుంటే వస్తుంది చూడండి, అది."

నా చెయ్యి వాసన అయ్యుంటుంది, పట్టుకున్నది నేనే కదా. కానీ పెద్దాయన గుల్ల లోపలి పక్కన, తలుపు దగ్గర వాసన చూశాడు. అక్కడ నా చెయ్యి తగల్లేదు. అక్కడ తగిలింది తాళమే, రాత్రీ పగలూ. తాళాలాయన తల తిప్పి తొట్టికేసి చూశాడు. మా నాన్న తాళం. పైన పచ్చటి పొర, ఇంతవరకూ నాచనుకున్నాను, నాచు కాదది, ఇత్తడి మీద పచ్చగా లేచేది ఏంటో ఈ వీధిలో నాకన్నా ఎవరికి తెలుసు. ఆ పచ్చటి మీద సన్నటి తళతళలాడే చారలు. పాలిష్ పట్టారు. దేంతో పట్టారు. నాలుకతో. ఎక్కడికి పోయింది ఆ పచ్చదనం. కడుపులోకి. తాళం వేసి ఎన్ని రోజులు. పుట్టినరోజు. వేళ్ళు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు, ఎన్నిసార్లు మడిచినా పద్నాలుగే. మొదటిది పోయింది మూడో రోజుకి.

ఫోన్ తీశాడు. చేపల కొట్టువాడు ఎత్తగానే, "తొట్టిలో ఇత్తడుంటే ఏమవుతుందిరా," అన్నాడు, ముందూ వెనకా ఏం లేకుండా.

అవతల నీళ్ళ బుడగల చప్పుడు. "ఎంత ఇత్తడి మావా?"

"తాళం. అరచెయ్యంత."

"ఇత్తడిలో సగానికి పైన రాగేగా మావా. రాగి నత్తలకి విషం. చేపలు ఓర్చుకుంటాయి, నత్తలు ఓర్చుకోలేవు. పొద్దున అదే అడగబోయా, నువ్వు పెట్టేశావు. తొట్టి కొన్న రోజు కూడా చెప్పా కదా, లోహమేదీ వెయ్యకని."

చెప్పాడు. నిజమే. చెప్పినప్పుడు నేనేమన్నాను. లోహం గురించి నాకు చెప్తావా, ఇనుమైతే తుప్పు, ఇత్తడికి తుప్పెక్కడిది, పో అన్నాను. ఇత్తడిలో రాగి ఉందని వాడు చెప్పాలా నాకు, ఇత్తడిలో పుట్టాను, ఇత్తడి తిన్నాను, ఇత్తడి పీల్చాను, ప్లాస్టిక్ కోట పెట్టుకున్న ఏ తెలివితక్కువవాడి ఇంట్లోనూ ఈ చావు చావవు కదా నత్తలు, ఆ వికారపు కోట తెచ్చినా సరిపోయేది, అది చూస్తే కడుపులో తిప్పుతుందంతే, ప్రాణం తియ్యదు. మా నాన్న ఎవరికీ లొంగని తాళం చేశాడు, నేను దాన్ని తీసుకెళ్ళి ఆవగింజల మధ్య పెట్టాను. ఓ నాన్నా, నువ్వు కర్రతో చెయ్యకూడదా ఆ తాళం, ఇత్తడే దొరికిందా నీకు. నీమీద కూడా కోపమే. లేదు, నీమీద ఎందుకు. పొద్దున ఆవిడ చేతిలో కీరా ముక్క. నీళ్ళు కారుతూ. ఆ కీరా ముక్క ఏం పాపం చేసింది, దాన్ని తొక్క తీసి, గింజ తీసి, వేడినీళ్ళలో ఒక్క నిమిషం ముంచి, చల్లార్చి, ముక్క మునగాలని దానికో రాయి కట్టి పెట్టేది కదా, నాకెప్పుడన్నా అంత చేసి పెట్టిందా, పెట్టింది, పెట్టింది, ఎందుకు అబద్ధం. నీ చేత్తో నువ్వే పెట్టి చంపుకున్నావు. ఎవరి చెయ్యి. ఎవరు పెట్టారు. పన్నెండు రోజులు రోజుకొకణ్ణి పట్టుకుని తిట్టాను, చేపని జైల్లో పెట్టాను, సబ్బుపొడిని తిట్టాను, నీళ్ళ ఆఫీసుని తిట్టాను, ఒక్కసారి తల తిప్పి తొట్టి మధ్యలోకి చూస్తే సరిపోయేది, అక్కడ కూర్చునుంది దొంగ, బంగారంలా మెరుస్తూ.

లేచాడు. స్టూలు వెనక్కి పడిపోయింది. తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తాళాన్ని లాగాడు, నీళ్ళు చొక్కానిండా, దొర పక్కకి తిరిగే చూస్తున్నాడు, చూడు, బాగా చూడు. తాళాన్ని బల్లకున్న వైస్‌లో బిగించాడు, సుత్తెత్తాడు. ఎత్తి, దించాడు. పగలగొడితే అది పగలదు, మా నాన్న చేసింది, సుత్తే విరుగుతుంది, అప్పుడింకో కోపం. దాన్ని అలాగే బిగించి వదిలేశాడు, బోనులో పెట్టినట్టు. తర్వాత బేసిన్‌లో నీళ్ళు చూసుకున్నాడు, ఇందాకటినించీ నా ఇత్తడి చేతులే కదా ఇందులో పెడుతున్నాను.

"పెద్దాయనా, సబ్బుతో కాదు, ఒట్టి నీళ్ళతో మీ చేతులు కడుక్కుని రండి. ఆ మూల బక్కెట్లో నీళ్ళున్నాయి, మొన్నటివి. ఈ నీళ్ళు పారబోసి అవి పొయ్యాలి. నేను ముట్టుకోకూడదు."

"మీకేమన్నా అంటురోగమా?"

"అలాంటిదే. పొయ్యండి."

పెద్దాయన పోశాడు. పసిపిల్లకి తలంటు పోసినట్టు, ఒక చేత్తో నత్త మీద నీళ్ళు నేరుగా పడకుండా అడ్డం పెట్టి పోశాడు, తాళాలాయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, ఆయన షాపులో ఆయన చేతులకి పని లేకపోవడం అదే మొదలు. ఇక గడియారం పరిగెత్తింది. ఇంతసేపూ కదలని దొంగ ముండ గడియారం, ఇప్పుడు నాలుగింటికి పందెం కట్టినట్టు. ఏం చెప్పాలి. కొట్టువాడు రోగం నత్త ఇచ్చాడట అని చెప్పొచ్చు. కుళాయి నీళ్ళలో మందు ఎక్కువైందట అనొచ్చు. తాళం తీసేశాను, తోమడానికి అనొచ్చు, ఆవిడ నమ్ముతుంది, మావయ్యగారి తాళం కదా అంటుంది. నమ్మి, కుండీ దగ్గరికెళ్ళి, పదకొండోదాన్ని కాలరు గుడ్డలో చుట్టి, నా చేత్తోనే పెట్టాను అనుకుంటూ బతికినన్నాళ్ళూ. ఆ చెయ్యే రేపు నాకు టీ ఇస్తుంది.

నాలుగూ ఐదు. గుమ్మంలో చెప్పుల చప్పుడు.

ఆవిడ లోపలికొచ్చింది, భుజాన సంచి, చున్నీ నిండా తెల్లదారం పోగులు. తొట్టికేసి చూసింది, మధ్యలో ఖాళీగా ఉన్న చోటు చూసింది, వైస్‌లో తాళం చూసింది, చేతులు వెనక్కి కట్టుకున్న మొగుణ్ణి చూసింది.

"కీరా ముక్క కాదు," అన్నాడు తాళాలాయన. ఆవిడకేసి ఒక అడుగేసి మళ్ళీ అన్నాడు. "కీరా ముక్క కాదే. తాళం. ఇత్తడిలో రాగి ఉంటుంది, అది వాటికి విషం. నాకు చెప్పారు, నేను వినలేదు. నేనే చంపాను. నువ్వు కాదు. నేనే."

ఆవిడ సంచి దించింది. మెల్లగా, చాలా మెల్లగా, అందులో ఏవో గుడ్లున్నట్టు.

"పొద్దున ఏమన్నావు?"

"తప్పే."

"తప్పో ఒప్పో తర్వాత. ఏమన్నావో ఆ మాట మళ్ళీ అను. నాకు కాదు. నీకు నువ్వు అనుకో. గట్టిగా."

తాళాలాయన తొట్టి గాజులో తన మొహం చూసుకుంటూ అన్నాడు. నీ చేత్తో నువ్వే పెట్టి చంపుకున్నావు, ఇప్పుడు ఎవరి మీదో పడి ఏడిస్తే ఏం లాభం. అనేసరికి చెవులు ఎర్రబడ్డాయి. వేరుశనక్కాయల పెద్దాయన కూడా నమలడం ఆపేశాడు.

"మీ నాన్న తాళానికి మూడు తాళంచెవులు చాలు," అంది ఆవిడ. "నీ నోట 'నేనే' అనే మాట రావడానికి పది ప్రాణాలు కావాల్సొచ్చాయి. మీ నాన్న కన్నా గట్టివాడివే నువ్వు." ఆ గొంతులో ఉన్నది ఏడుపు కాదు, ఉత్త కోపం, పొద్దున్నించీ కాలర్ల కింద అణిచిపెట్టి కుట్టుకొచ్చిన కోపం. "రెండ్రోజులు నేను నీతో మాట్లాడను." అని, ఆ మాట చెప్పడం కూడా మాట్లాడ్డమే అయిపోయిందని గుర్తొచ్చి, దానికి ఇంకో రోజు కలిపింది.

తర్వాత వంగి బేసిన్ ముందు కింద కూర్చుంది. సంచిలోంచి పొట్లం తీసింది, అందులో కీరాకాయ, కొత్తది. పొద్దున అన్ని మాటలు పడి కూడా దార్లో ఆగి కొనుక్కొచ్చింది. తాళాలాయన దాన్ని చూశాడు, ఎవరో లోపల సుత్తితో కొట్టినట్టు గోడకి ఆనుకున్నాడు. ఆవిడ గోటితో చిన్న ముక్క తుంచి నీళ్ళలో వదిలింది. పెద్దమ్మా, నేనొచ్చానే అంది. ముగ్గురూ చూస్తున్నారు. మోటారు గుడగుడ. తలుపు అలాగే ఉంది. అలాగే ఉంది. అలాగే ఉండి, దాని అంచున వెంట్రుకంత నల్లటి గీత వచ్చింది. గీత కాదు, సందు. ఆ సందులోంచి దారప్పోగంత కొమ్ము ఒకటి, సగమే, బయటికొచ్చి, వచ్చింది ఎవరా అని అటూ ఇటూ తడుముకుంది.

తాళాలాయన కదల్లేదు. కదిలితే మళ్ళీ మూసేసుకుంటుందేమోనని ఊపిరి కూడా ఆపేశాడు. ఆవిడ నవ్వలేదు, కానీ వెనక్కి తిరక్కుండానే ఎడంచేత్తో ఆ చల్లారిన టీ గ్లాసు వైపు చూపించింది, వెళ్ళి కొత్తది కాచుకు రా అన్నట్టు. ఒకటా, రెండా అని అడగబోయి, మాట్లాడని రోజులు నాలుగవుతాయేమోనని భయపడి నోరు మూసుకున్నాడు.

పెద్దాయన బెంచీ దగ్గరికెళ్ళి సూట్‌కేసు మోసుకొచ్చి, బేసిన్ పక్కన పెట్టి, రెండిటినీ కొలతగా చూశాడు.

"అమ్మాయ్," అన్నాడు, "దాని పనయ్యాక ఇంకాస్త పెద్ద బేసిన్ ఉంటే చూడు తల్లీ. నాదీ ఓ గంట నానబెడదాం. ఆ కీరా ముక్క కూడా ఒకటి పక్కన పెడితే, ఎందుకు తెరుచుకోదు?"